విండో ప్రోగ్రాములు కొత్తగా నేర్చుకునేవాళ్ళకి టికింటరా, లాజరసా, క్యూటీనా?

మద్దిలపాలెం_ల్యాబ్: పైథాన్‌లో లూపులు, ఫంక్షన్లు వచ్చిన డిగ్రీ పిల్లలకి విండోలు, బటన్లు మొదలుపెట్టాలి. ల్యాబ్‌లో సగం విండోస్, సగం ఉబుంటు, అన్నీ 4 జీబీ ర్యామ్. సిటీ బస్సు నంబరు కొడితే స్టాపుల పేర్లు తెలుగులో చూపించే ప్రోగ్రాం చేయించాలని ఉంది. దేనితో మొదలుపెట్టాలి? మంచి పుస్తకం ఉంటే అదీ చెప్పండి.

గాజువాక_పైథాన్: టికింటరే, పైథాన్‌లో విండోలు చేసే లైబ్రరీ. విండోస్‌లో పైథాన్‌తోపాటే వచ్చేస్తుంది. ఉబుంటులో మాత్రం పైథాన్3-టీకే ప్యాకేజీని ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ కమాండుతో వేసుకోవాలి, లేకపోతే ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతుంది. బటన్లని అమర్చే ప్యాక్, గ్రిడ్ పద్ధతులు రెండూ ఒకే ఫ్రేములో కలపనివ్వకండి, ఎర్రర్ వస్తుంది. బటన్‌కి కమాండ్ ఇచ్చేటప్పుడు ఫంక్షన్ పేరు ఒక్కటే ఇవ్వాలి. పక్కన బ్రాకెట్లు పెడితే బటన్ తయారవుతున్నప్పుడే ఫంక్షన్ నడిచేస్తుంది, తర్వాత ఎంత నొక్కినా ఉలకదు పలకదు.

సీతమ్మధార_పాస్కల్: బటన్ ఎక్కడుండాలో కూడా కోడులో రాయడం ఇదేటండీ? లాజరస్ పెట్టించండి, పాస్కల్ భాషలో విండోలు చేసే టూల్ అది. ఫారం (ఖాళీ విండో) మీద బటన్ వేసి రెండుసార్లు క్లిక్ చేస్తే ఆన్‌క్లిక్ ప్రొసీజర్ (నొక్కితే నడిచే ఫంక్షన్) సిద్ధం. ఉచితం, లినక్స్‌లోనూ ఉంది, 4 జీబీ ఎక్కువే.

గాజువాక_పైథాన్: పైథాన్ వచ్చిన పిల్లల గురించి అడిగితే పాస్కల్ అంటారేంటి? పైగా మీ ఫారంలో విండో పెద్దది చేస్తే బటన్లన్నీ ఎడమ మూలనే ఉండిపోతాయి.

సీతమ్మధార_పాస్కల్: యాంకర్లు పెట్టకపోతే ఉండిపోతాయి మరి. మొదట్లో ఎడమ అంచుకీ పై అంచుకీ మాత్రమే పట్టి ఉంటాయి. ఆబ్జెక్ట్ ఇన్‌స్పెక్టర్‌లో (బటన్ సెట్టింగులు మార్చే చోట) ఏకేరైట్, అంటే కుడి అంచు, కూడా ట్రూ చేస్తే విండోతోపాటే సాగుతుంది. మీ గ్రిడ్‌లో మాత్రం కాలమ్‌కి వెయిట్ (మిగిలిన చోటులో వాటా), విడ్జెట్‌కి, అంటే బటన్ లాంటిదానికి, స్టికీ (ఏ అంచులకి అంటుకోవాలో) ఇవ్వకుండా సాగుతుందా? వాడకుండా నోరు పారేసుకోకండి.

ఎంవీపీ_క్యూటీ: ఫ్యాక్టరీ స్క్రీన్లు రాయడమే నా ఉద్యోగం, కాబట్టి గట్టిగానే చెబుతున్నా. ఆయన తెలుగు అని అడిగితే ఇద్దరూ పట్టించుకోలేదు. లినక్స్‌లో టికింటర్ వెనకుండే టీకే 8.6కి ఒత్తులు కూర్చడం రాదు. లేబుల్‌లో ‘ద్వారకానగర్’ అని పెట్టి చూడండి: వ ఒత్తు ద కిందకి చేరదు, విడివిడిగా పడుతుంది. ఫాంటు మార్చి లాభం లేదు, అక్షరాలు పేర్చే చోటే లోపం. విండోస్‌లో సరిగ్గానే వస్తుంది, అందుకే అక్కడ రాసేవాళ్ళకి తెలియదు. క్యూటీ కూడా విండోలు చేసే లైబ్రరీయే, అక్షరాలని హార్ఫ్‌బజ్ అనే కూర్పు లైబ్రరీతో పేరుస్తుంది, రెండుచోట్లా బాగుంటుంది. పైథాన్‌లో క్యూటీ వాడటానికి పిప్‌తో పైసైడ్6-ఎసెన్షియల్స్ వేస్తే చాలు. మొత్తం పైసైడ్6 వేస్తే వెబ్ఇంజిన్ (బ్రౌజర్ భాగం) కూడా దిగి డిస్కు నిండుతుంది.

సీతమ్మధార_పాస్కల్: లాజరస్ లినక్స్‌లో జీటీకే అనే విండో లైబ్రరీ మీద నడుస్తుంది, దానికి అక్షరాలు పేర్చే పాంగో ఉంది. ఒత్తులు మాకూ వస్తాయి.

గాజువాక_పైథాన్: మొదటి వారమే క్లాసులు, ఇన్‌హెరిటెన్స్, సిగ్నల్, స్లాట్ (క్యూటీలో క్లిక్‌ని ఫంక్షన్‌కి కలిపే పద్ధతి) అంటే పిల్లలు పారిపోతారు. తెలుగు రెండో నెలలో చూసుకోవచ్చు.

ఎంవీపీ_క్యూటీ: స్టాపుల పేర్లు తెలుగులో కావాలన్నదే ఆయన ప్రశ్న. రెండో నెల అనడానికి మీరెవరు?

కంచరపాలెం_కొత్త: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. టికింటర్‌లో గడియారం రాస్తున్నా. వైల్ లూపులో టైమ్ స్లీప్ 1 పెడితే విండో బిగుసుకుపోయి నాట్ రెస్పాండింగ్ అంటోంది.

గాజువాక_పైథాన్: స్లీప్‌లో ఉన్నంతసేపూ మెయిన్‌లూప్‌కి (విండోని నడిపించే లూపుకి) వంతు రాదు తమ్ముడూ, క్లిక్కులు అందవు, బొమ్మ మళ్ళీ గీయదు. వైల్, స్లీప్ రెండూ తీసేయ్. టైము మార్చే ఫంక్షన్ చివర రూట్ డాట్ ఆఫ్టర్‌కి 1000, అదే ఫంక్షన్ పేరు ఇవ్వు. 1000 అంటే మిల్లీసెకన్లు. ఇక్కడా పేరు పక్కన బ్రాకెట్లు పెట్టకు, తనని తానే పిలుచుకుంటూపోయి రికర్షన్ ఎర్రర్ ఇస్తుంది.