గరుడపక్షి, వెనక ఓడ ఒకే ఫ్రేములో పడాలంటే చేప విసరాల్సిందేనా? (విశాఖ ఫిషింగ్ హార్బర్)

లంగరు:
విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద తెల్లారగట్ల కెమెరాలతో నడిచేవాళ్ళలో ఒక పద్ధతి బాగా పాకింది. నలుగురు కలిసి కిలో కవళ్ళ చేపలు కొంటారు. ఒకరు నీళ్ళలోకి విసురుతుంటే మిగతావాళ్ళు గరుడపక్షి దిగే క్షణానికి గురిపెడతారు. వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని ముందు ఛానెల్లోకి (పోర్టులోకి పోయే నీటిదారి) వెళ్ళే ఓడ, ముందు పక్షి: అందరూ కోరే ఫ్రేము ఇదే. ఇలా చేప వేయడం తప్పా కాదా అన్నదే ప్రశ్న.

తప్పు లేదన్నది నా పక్షం. బోట్లు చేప దింపే వేళ వలల్లోంచి ఏరి పారేసే చెత్త చేప రోజూ పడుతూనే ఉంది, ఆ పక్షి దాన్నే తింటోంది. మనం వేసే కిలో దానికి ఏమంత లెక్క? ఇంకో కారణం గాలి. చలికాలం పొద్దున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. పక్షి గాలికి ఎదురుగా ముఖం పెట్టి ఆగుతుంది, ఎండ సముద్రం మీంచి వస్తుంది. ముఖం నీడలో ఉండిపోతుంది. చేప పడితేనే పక్షి ఇటు తిరుగుతుంది.

ఉప్పుగాలి:
లంగరు గారూ, గాలి సంగతి మీరు సరిగ్గా పట్టారు. కానీ దానికి మందు చేప కాదండి.

గరుడపక్షి నీటి మీద తిండి చూడగానే నిట్టనిలువునా దిగదు. గాలివాటున ఒక చుట్టు తిరిగి, మళ్ళీ గాలికి ఎదురొచ్చి కాళ్ళతో అందుకుంటుంది. జెట్టీ మీద నిలబడి డాల్ఫిన్స్ నోస్ వైపు చూస్తుంటే జనవరిలో సూర్యుడు మనకు ఎడమ పక్కన ఉంటాడు. పక్షి కుడివైపు ముఖం పెట్టి ఆగినంతసేపూ షట్టర్ నొక్కకండి. గాలివాటు చుట్టులో ఎడమకు మళ్ళుతుంది చూశారా, ఎండ సరిగ్గా ముక్కు మీద, కంటి మీద పడేది అప్పుడే. అది రెండు మూడు సెకన్ల పని. గాలి తోస్తుంది కాబట్టి వేగం కూడా ఎక్కువే, షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతు కంటే తగ్గకూడదు. తల తెల్లన, ఒళ్ళు ఇటుక రంగు. కెమెరా వెలుగు కొలత ఒంటికి పెడితే తల మరీ తెల్లబారి ఈకల గీతలు పోతాయి, అందుకే ఎండ పడ్డ తలకు వెలుగు (ఎక్స్‌పోజర్) మైనస్ 0.7 పెట్టుకోవాలి.

ఇక మీ అసలు కోరిక, ఓడ. ఇక్కడే చేప మిమ్మల్ని ముంచుతుంది. పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 100 ఎంఎం లెన్సు, దాని రంధ్రం (అపర్చర్) ఎఫ్/8 అనుకోండి. పక్షి దాదాపు 40 మీటర్ల దూరంలో ఉంటే దాని మీద ఫోకస్ పెట్టినా వెనక కిలోమీటరు దూరపు ఓడ కూడా స్పష్టంగా వస్తుంది. ఎఫ్/11 అయితే 30 మీటర్లు చాలు. చేప వేసి పక్షిని 10 మీటర్లకు రప్పించారనుకోండి, ఓడ మీద పేరు, క్రేన్లు అన్నీ మసకలో కలిసిపోతాయి. 400 ఎంఎంతో అయితే మరీ ఘోరం. 180 మీటర్ల ఓడ కిలోమీటరు దూరంలో ఉన్నా ఫ్రేములో సగమే పడుతుంది, అదీ రంగు మరకలా. ఓడ కావాలనుకున్నవాళ్ళు పక్షిని దగ్గరికి పిలవడమే పొరపాటు.

లంగరు:
లెక్క బాగుంది. కానీ 30 మీటర్ల దూరంలో, 100 ఎంఎంలో పక్షి ఏమాత్రం కనిపిస్తుందండి?

ఉప్పుగాలి:
రెక్కలు చాపితే అది మీటరు పైచిలుకు. 24 మెగాపిక్సెల్ ఫొటోలో 600 పిక్సెళ్ళ వెడల్పు వస్తుంది. ఓడతో కలిసిన ఫ్రేముకు అది చాలు. ఎఫ్/11, 1/2000 అంటే సూర్యుడు కాస్త పైకొచ్చాక కూడా ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును పట్టే స్థాయి) 4000 దాకా పోతుంది, పోనివ్వండి. చేప మీదికి దిగిన పక్షి దగ్గరి ఫొటోను ఒకసారి పెద్దది చేసి చూడండి. కాళ్ళు ముందుకు, తల గుండెలోకి వంగి ఉంటుంది. అందుకునే క్షణంలో కంటి మీద పాలపొర లాంటిది కప్పుకుంటుంది. వంద ఫొటోల్లో కన్ను తెరిచి ఉన్నవి ఏరుకోవడమే కష్టం.

తెప్ప:
మీ ఇద్దరూ జెట్టీ మీది మనుషుల్ని మరిచారు. చెత్త చేప బోటు పక్కన నీళ్ళలో పడటం వేరు, ఫొటో కోసం తట్టలు మోసేవాళ్ళు నడిచే దారి పక్కన పడటం వేరు. పక్షి, దాని వెనకే నల్లగద్ద, కాకులు ఆ దారి మీదికి మరుగుతాయి. అప్పుడు అవి వేలానికి పెట్టిన కుప్ప మీద, ఎండబెట్టిన చేప మీద వాలుతాయి. నష్టం అక్కడ కూర్చుని అమ్ముకునే ఆడవాళ్ళది. కాకులు, కుక్కలు పెరిగితే ఆ దెబ్బ బీచ్ మీద కూడా పడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానే గుడ్లు పెడతాయి. ఆ గూళ్ళు తవ్వేవి కుక్కలే, పిల్లల్ని ఎత్తుకుపోయేవి కాకులే. కిలో చేపే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

పొద్దున పనివేళ జెట్టీ అంచున నిలబడటం కూడా ప్రమాదమే. లంగరు తాడు బిగిసినప్పుడు దాని వరసలో కాలు ఉండకూడదు. ఐసు నీళ్ళు, చేప జిగురు కలిసిన సిమెంటు మీద మామూలు చెప్పులు జారతాయి.

నీటిగీత:
ఓడ గురించి రెండు మాటలు. ఓడ ఎప్పుడు వస్తుందో తెలిస్తే చేప అవసరమే రాదు, ఎందుకంటే పక్షులు ఎలాగూ అక్కడే ఉంటాయి. ఓడల జాడ చూపే ఏఐఎస్ యాప్‌లో లంగరు వేసి ఉన్న ఓడ కదలడం మొదలైతే కెమెరా తీయండి. దగ్గరికొచ్చాక జెండా చూడండి. సగం తెలుపు, సగం ఎరుపు నిలువు జెండా ఎగురుతుంటే ఓడను పోర్టులోకి నడిపించే పైలట్ ఎక్కినట్టు. ఓడను నెట్టే చిన్న పడవలు, టగ్గులు ఆనుకున్నాక వేగం తగ్గుతుంది, 1/500 సరిపోతుంది.

ఖాళీ ఓడ బరువున్న ఓడ కంటే ఫొటోకు నయం. ముక్కు కింద ఉబ్బెత్తు భాగం, ఎర్రరంగు అడుగు నీటి పైకి తేలి కనిపిస్తాయి. ముక్కు మీద, ఓడ నీటిలో ఎంత మునిగిందో చెప్పే లోతు అంకెలు ఉంటాయి. ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, ఒక అంకె అడుగు నుంచి తర్వాతి అంకె అడుగుకు 20. అర కిలోమీటరు లోపున్న ఓడ మీద 400 ఎంఎంతో తీస్తే అవి చదవగలగాలి. అంచులు అలల్లా వణుకుతుంటే తప్పు లెన్సుది కాదు, నీటికీ గాలికీ మధ్య వేడి తేడాది. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా అది పోదు. దగ్గరి ఓడ కోసం ఆగడమే.

నేవీ ఓడల వైపు లెన్సు తిప్పకండి. పోర్టు గేటు లోపల అనుమతి లేకుండా ఫొటో తీయకూడదు. డ్రోన్ ఊసే వద్దు.

లంగరు:
మసక లెక్క, తాబేళ్ళ మాట నన్ను కదిలించాయి. కవళ్ళు విసరడం మానమనే చెబుతాను. ఒక్కటి మాత్రం తేలలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు కదలవు, చెత్త చేప ఉండదు. అప్పుడైనా వేస్తే పక్షికి మేలే కదా?

తెప్ప:
ఇంజన్ లేని తెప్పలకు నిషేధం లేదు, అవి వెళ్తూనే ఉంటాయి. గరుడపక్షి చేప ఒక్కటే తినదు. పీతలు, కప్పలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలు, దొరికిందల్లా తింటుంది. వెతుక్కోవడం దానికి తెలుసు.

ఉప్పుగాలి:
ఆ నెలల్లో గాలి నైరుతి నుంచి. డాల్ఫిన్స్ నోస్ వైపు చూస్తే పక్షి వీపే కనిపిస్తుంది. కాబట్టి పక్షిని వదిలి ఓడను తీయండి. మే నెలలో అయిదున్నర లోపే సూర్యుడు రుషికొండ వైపు నుంచి, అంటే మీ ఎడమ భుజం వెనక నుంచి వస్తాడు. జనవరిలో సగం నీడలో ఉండే కొండ అప్పుడు పూర్తిగా వెలుగులో ఉంటుంది. నిషేధం ఓడలకు లేదు. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను మాత్రం జిప్ వేసిన సంచిలోనే అరగంట ఉంచి తీయండి. లేకపోతే ఆ ఉక్కకు అద్దం మీద ఆవిరి పట్టి, మంచి వెలుగు కాస్తా తుడుచుకోవడానికే సరిపోతుంది.