ఎనిమిదో తరగతికి కణం పాఠం: ప్యానెల్ మీద వీడియో వేస్తే చాలా?

ప్రశ్న
నమస్తే అండీ, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఎనిమిదిలో 46 మంది, మైక్రోస్కోప్ ఒక్కటే. ఇంటరాక్టివ్ ప్యానెల్ (వేలితో తాకి వాడే పెద్ద తెర) ఉంది కదా అని కణం పాఠానికి త్రీడీ యానిమేషన్ వేశాను, పిల్లలు కళ్లార్పకుండా చూసి భాగాల పేర్లన్నీ గడగడా చెప్పేశారు. మర్నాడు ఉల్లిపొర స్లైడ్ పెట్టి ఒక్కొక్కరినీ పిలిస్తే "టీచర్, ఇందులో కణం ఏదీ?" అన్నారు. ఒకమ్మాయైతే నారింజ రంగు మైటోకాండ్రియా కోసం వెతికింది. ఆ రోజంతా నా మనసు బాగోలేదు. పైగా సగం మంది చూసేసరికే బెల్ కొట్టారు, స్లైడ్ కూడా ఎండిపోయింది. ప్యానెల్ ఎలా వాడితే పాఠం సరిగ్గా ఎక్కుతుంది?

జవాబు 1
మేడం, వరస మార్చండి. ముందు స్లైడు, ఆ తర్వాతే వీడియో. ఫోన్ కెమెరాని మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి చూసే ఐపీస్‌కి ఆనించి ఫోన్ స్క్రీన్‌ని ప్యానెల్‌కి కాస్ట్ చేస్తే 46 మందీ ఒకేసారి చూస్తారు. చేత్తో పట్టుకుంటే బొమ్మ వణుకుతుంది, అందుకే నేను అట్టతో ఐపీస్‌కి సరిపడా గొట్టం చుట్టి పాత ఫోన్ కవరుకి అతికించాను. తక్కువ పవర్‌తో మొదలుపెట్టి, గుండ్రటి వెలుగు దొరికాక కొద్దిగా జూమ్ చేయండి.

రంగు సంగతికొస్తే, రంగు వేయని ఉల్లిపొర ముందు చూపించి, తర్వాత పిల్లల చేతే సఫ్రనిన్ అనే ఎర్ర రంగు చుక్క వేయించండి. కేంద్రకం వాళ్ల కళ్లముందే ఎర్రబడుతుంది కాబట్టి ఆ రంగు కణానిది కాదని ఇక చెప్పక్కర్లేదు. బొమ్మని ఆపి, కణకవచం మీద వేలితో గీత గీయమనండి. మైటోకాండ్రియా ఈ స్లైడ్‌లో కనిపించదని మాత్రం ముందే చెప్పేయండి, యానిమేషన్ అవసరం అక్కడే.

జవాబు 2
సార్ చెప్పింది నిజమే, కానీ సైజు కూడా పట్టించుకోవాలి. ప్యానెల్ మీద కణం పళ్లెమంత కనిపిస్తే పిల్లలకి అదే గుర్తుండిపోతుంది. నేను స్లైడ్ బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పెట్టి మిల్లీమీటరు గీతలు చూపిస్తాను, అదే పవర్‌లో ఉల్లిపొర పెట్టి ఒక మిల్లీమీటరు పొడవులో ఎన్ని కణాలు పడతాయో లెక్కపెట్టమంటాను. మాకు మూడు నాలుగు వచ్చాయి.

వీలైతే అక్వేరియంలో వేసే హైడ్రిల్లా ఆకు కూడా పెట్టండి. కాసేపు వెలుతురులో ఉంచితే హరితరేణువులు కణం లోపల గోడ వెంబడి కదులుతూ కనిపిస్తాయి. మా పిల్లలు "ఇది బతికే ఉంది సార్!" అని అరిచారు.

జవాబు 3
ఫోల్డ్‌స్కోప్ కూడా చూడండి, స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన కాగితం మైక్రోస్కోప్. 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, అయస్కాంతంతో ఫోన్‌కి అతుక్కుంటుంది. మడత పెట్టడానికే ఒక పీరియడ్ పడుతుంది కాబట్టి ఆ రోజు ఇంకేం పెట్టుకోకండి.

ప్రశ్న అడిగిన టీచర్
అందరికీ థాంక్స్ అండీ. అట్ట గొట్టంతో ఇవాళే చేశాను. నల్ల అంచుతో గుండ్రంగా కనిపించిన దాన్ని ఒకబ్బాయి కణం అన్నాడు. ప్యానెల్ మీద అందరూ చూస్తున్నారు కదా, వెనక బెంచీ నుంచి నారింజ రంగు కోసం వెతికిన అమ్మాయే లేచి "అది గాలి బుడగ, దానికి కేంద్రకం ఏదీ?" అంది. గురువారం చెంప కణాలు పెడతాను, వాటికి వేసే నీలి రంగు మిథిలిన్ బ్లూ ల్యాబ్‌లో ఉంది. హైడ్రిల్లా ఇంకా దొరకలేదు.