జొవాకిం నబుకో రిపబ్లిక్ కొలువుకు ఎందుకు ఒప్పుకున్నాడు? తెలిసినవాళ్ళు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. బ్రెజిల్‌లో బానిసత్వం మీద పోరాడిన జొవాకిం నబుకో (1849–1910) గురించి మా ఊరి గ్రంథాలయంలో పిల్లలకు చెప్పబోతున్నాను.

ఆయన చిన్నప్పుడు మసంగానా చెరకు ఎస్టేట్‌లో ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంటే, ముక్కూమొహం తెలియని నల్లజాతి కుర్రాడొకడు పరుగున వచ్చి కాళ్ళు పట్టుకున్నాడట. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. యజమాని పెట్టే హింస భరించలేక పారిపోయి వచ్చాడు. మిమ్మల్ని పెంచుతున్న జ్ఞానమాతతో చెప్పి నన్ను కొనిపించండి అని వేడుకున్నాడు. ఒక మనిషి తనను కొనమని ఒక పసివాణ్ణి బతిమాలుకోవడం! చదివినప్పటి నుంచీ మనసు మనసులో లేదు.

తర్వాత పార్లమెంటు సభ్యత్వం, లండన్ నుంచి పత్రికా రచన, 1888 మే 13న బానిసత్వ రద్దు. ఇవన్నీ బాగానే అర్థమయ్యాయి.

నా సందేహం ఆపైన. 1889లో రాజరికం కూలిపోయి రిపబ్లిక్ వస్తే, రాజరికానికే కట్టుబడి రాజకీయాలు వదిలేశాడు. అలాంటివాడు 1899లో అదే రిపబ్లిక్ తరఫున పొరుగునున్న బ్రిటిష్ వలస గయానాతో బ్రెజిల్‌కున్న సరిహద్దు కేసు వాదించడానికి ఒప్పుకున్నాడు. 1905లో వాషింగ్టన్‌లో బ్రెజిల్ తొలి రాయబారి కూడా అయ్యాడు. రాజరికవాదులైన పాత మిత్రులు తప్పుబట్టారు. నాకైతే అది పదవీ వ్యామోహం అనిపించడం లేదు.

పోర్చుగీసులో ఆయన డైరీలు, ఉత్తరాలు చదివినవాళ్ళెవరైనా ఉన్నారా? ఈ నిర్ణయానికి ఆయన చెప్పుకున్న కారణం ఏమిటో కాస్త వివరంగా రాయండి. పిల్లలు తప్పకుండా అడుగుతారు.