సమస్యాపూరణం: “వలపు లేని పెండ్లి వరము సతికి” – పూరణలు, సమీక్ష

సమస్య: వలపు లేని పెండ్లి వరము సతికి
ఛందస్సు: ఆటవెలది (నాలుగవ పాదం)
విషయం: జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’

నిర్వాహకుని మాట:

ఈ నవలను మన సభ్యులలో చాలామంది చదివి, పెళ్ళికి వలపు అవసరమా, కూడూ గూడూ ముఖ్యమా అని ఎవరి వాదన వారు గట్టిగా వినిపించారు. ఆ వాదనలనే పద్యంలో పెడితే ఎవరి మాటకు ఎంత బలముందో తేలుతుందన్న ఉద్దేశంతో ఈ సమస్యను ఇచ్చాను. 1813 జనవరి 28న మూడు సంపుటాలుగా, రచయిత్రి పేరు లేకుండా వెలువడిన ఈ పుస్తకం, మూడవ జార్జి రాజు మతి చలించిన కారణంగా యువరాజు అతని బదులు పాలించిన 1811–1820 నడుమ కాలపు ఇంగ్లండుకు చెందినది. కనుక పాత్రలను మన ఊళ్ళకు తేకుండా, ఆ కాలపు పెళ్ళి పద్ధతులలోనే చిక్కు విప్పాలన్నది నియమం. ఒకటి, మూడు పాదాలలో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాలలో ఐదేసి సూర్యగణాలు, నాలుగవ గణం మొదట యతి. ఇచ్చిన పాదాన్ని ఒక్క అక్షరం కూడా మార్చకూడదు.

పూరణ 1 (అనకాపల్లి సభ్యురాలు; కథానాయిక ఎలిజబెత్ బెన్నెట్ స్నేహితురాలు షార్లెట్ లూకస్ పలికినట్లుగా)

ఇరువదేడు వచ్చె నిల్లొకటియు లేదు
కట్నమునకు సొమ్ము కానరాదు
తలకు నీడ దొరికె దైవకృపయె నాకు
వలపు లేని పెండ్లి వరము సతికి

సమీక్ష: ధార చక్కగా ఉంది, గణాలు నిర్దుష్టంగా ఉన్నాయి, ‘తలకు – దైవ’ అన్న యతి వినడానికి కూడా హాయిగా ఉంది. సమస్యను ఏ మెలికా లేకుండా, పాత్ర నోట పెట్టి సూటిగా నిలబెట్టారు. అయితే మొదటి మూడు పాదాలలో ‘నాకు’ అని తన సంగతి చెప్పుకొన్న మనిషి నాలుగవ పాదంలో ‘సతికి’ అని లోకానికంతటికీ తీర్పు చెప్పడం దగ్గర చిన్న ఎగుడుదిగుడు ఉంది. పలికినది ఎవరో పద్యంలో లేదు. తలకట్టులోని మాటను తీసివేస్తే నవల చదవనివారికి ఈ గొంతు ఎవరిదో తెలియదు.

నల్లగొండ మిత్రుడు: నమస్కారమండీ. పద్యం బాగుంది గాని, షార్లెట్‌ను ‘దైవకృప’ అనిపించడం నాకు మింగుడుపడలేదు. ఆమె మతగురువు కాలిన్స్‌ను ఒప్పుకొన్నది భక్తితో కాదు, లెక్కతో. దేవుడి మీద భారం వేసే మనిషే అయితే ఎలిజబెత్ తిరస్కరించిన మూడు రోజులకే ఆ వరుడిని తనవైపు తిప్పుకొనేది కాదు.

అనకాపల్లి సభ్యురాలు: మీరన్న లెక్క నిజమే, కాని ఆ లెక్క వెనుక ఉన్న భయాన్ని కూడా చూడమని నా మనవి. కెంట్‌లోని హన్స్‌ఫర్డ్‌లో ఆ దంపతుల ఇంటికి ఎలిజబెత్ చుట్టపుచూపుగా వెళ్ళినప్పుడు, భోజనాల గది పెద్దదిగా, వెలుతురుగా ఉండగా షార్లెట్ ఎందుకు ఇంటి వెనుకవైపు గదిలో కూర్చుంటున్నదా అని మొదట ఆశ్చర్యపోతుంది. బాట కనిపించే ముందు గది మగనిది; తాను కూడా అంతే అందమైన గదిలో కూర్చుంటే అతడు మాటిమాటికీ వచ్చి కూర్చుంటాడు. తోటపని ఒంటికి మంచిదని అతడిని ప్రోత్సహించేది కూడా ఆమెయే. ఒక గదిని ఎంచుకొనే స్వేచ్ఛ దొరికినందుకు సంతోషించే మనిషి దానిని దేవుడి దయ అనుకోదా? ఆ స్థితిని తలుచుకొనే ఆ మాట వేశాను.

నిర్వాహకుడు: అమ్మా, ఈ వెనుక గది ముచ్చట పద్యంలో ఉండవలసింది. ‘తలకు నీడ’ ఎవరైనా అనగలరు. వెనుకవైపు గది షార్లెట్‌ది మాత్రమే.

పూరణ 2 (రాజమహేంద్రవరం నుండి, వృత్తిరీత్యా న్యాయవాది)

చట్టమందు సతికి సొంతమేదియు లేదు
పెండ్లినాడె యాస్తి పెనిమిటిదయె
వలచి సర్వ మొసగి వగచుట కంటెను
వలపు లేని పెండ్లి వరము సతికి

సమీక్ష: భావం గట్టిది, కాని మొదటి పాదంలో యతి తప్పింది. చ, స అక్షరాలకు మైత్రి ఉన్నా, ‘చ’లోని అకారానికి ‘సొ’లోని ఒకారంతో పొత్తు కుదరదు. “చట్టమందు సతికి సంపద యన లేదు” అని సవరిస్తే గణాలు చెదరకుండానే యతి నిలుస్తుంది. రెండవ పాదంలో ‘పెనిమిటిదయె’ను ‘పెనిమిటిది అయె’ అని విడదీసినా, ‘పెనిమిటి దయె’ అని చదివినా ఆ కాలపు చట్టానికి సరిపోతుంది. కవి ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా ఇది పద్యానికి దక్కిన లాభం.

డాలస్ నుండి ఒక సభ్యురాలు: చట్టం విషయంలో ఒక సవరణ చెప్పవచ్చునా? భార్య నగదు, నగలు వంటి చరాస్తి భర్తదైపోయేది. భూమి మీద ఆదాయం అతడి చేతికి వచ్చేది గాని ఆమె సమ్మతి లేకుండా అమ్మే వీలు లేదు. పైగా కలిగిన కుటుంబాలు పెళ్ళికి ముందే ఒడంబడిక వ్రాయించి, కొంత సొమ్మును ధర్మకర్తల చేతిలో ఉంచి, ఆడపిల్లను కాపాడుకొనేవి. అందుచేత ‘సంపద యన లేదు’ అన్నది పేద, మధ్యతరగతి స్త్రీలకే పూర్తిగా వర్తిస్తుంది.

రాజమహేంద్రవరం మిత్రుడు: అంగీకరిస్తున్నాను. వివాహితల ఆస్తి చట్టాలు వచ్చినది 1870లోను, 1882లోను. నవల నాటికి అవి ఊహకు కూడా అందని సంగతులు. బెన్నెట్ కూతుళ్ళకు ఆ ఒడంబడిక రక్షణ కూడా అంతంతమాత్రమే కనుక నా పద్యం వారికి తగులుతుందనుకొంటున్నాను. బెన్నెట్ల లాంగ్‌బోర్న్ ఏడాదికి రెండు వేల పౌండ్ల రాబడి గల ఆస్తి అయినా, మగ సంతానం లేనందువల్ల అది తరువాతి మగ వారసుడైన కాలిన్స్‌కు పోతుంది. ఎలిజబెత్‌కు మిగిలేది తల్లి తదనంతరం వచ్చే వెయ్యి పౌండ్లు, నాలుగు శాతం వడ్డీ మీద. పెళ్ళికి అడుగుతూనే కాలిన్స్ ఆ అంకెను ఆమె ముఖాన చదివి, ఆ కొద్దిపాటి సొమ్ముకు నిన్నెన్నడూ దెప్పనని హామీ ఇస్తాడు. అంటే సంవత్సరానికి నలభై పౌండ్లు. ఆ అంకె తెలిసి కూడా కాదన్నది చూడండి, ఆ పిల్ల ధైర్యం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

పూరణ 3 (తెనాలి సభ్యుడు; ఎలిజబెత్ చెల్లెలు లిడియా వికామ్‌తో లేచిపోగా కథానాయకుడు డార్సి ఆదుకొన్న ఘట్టం)

ఎఱ్ఱకోటు జూచి యిల్లు వీడిన పిల్ల
నప్పు తీర్చి డార్సి యాదుకొనియె
కాల మింత గడువ గరగిపోయెడి వట్టి
వలపు లేని పెండ్లి వరము సతికి

సమీక్ష: సమస్యాపూరణంలో ఇది పాత ఉపాయమే అయినా ఎంతో నేర్పుగా వాడారు. మూడవ పాదం చివర ‘వట్టి’ అన్న రెండక్షరాలు చేర్చేసరికి, వలపు మొత్తాన్ని కాదన్న పాదం కాస్తా కరిగిపోయే వలపును మాత్రమే కాదన్నదిగా మారింది. ‘ఎఱ్ఱకోటు’ అనడంతోనే మిలీషియా అధికారి వికామ్ కళ్ళముందు నిలిచాడు. తక్కువైనది రెండు సగాల నడుమ అతుకు: ముందు రెండు పాదాలు కథ, తరువాతి రెండు నీతి. అప్పు ఎవరిదో కూడా పద్యంలో తేలలేదు. చదువరి అది లిడియా చేసిన అప్పు అనుకొనే ప్రమాదం ఉంది.

కర్నూలు సభ్యురాలు: అప్పు వికామ్‌ది, వెయ్యి పౌండ్లకు పైమాటే. అది తీర్చడమే కాక లిడియా పేర మరో వెయ్యి వ్రాసి, వికామ్‌కు సైన్యంలో ఉద్యోగం కూడా కొని పెట్టాడు డార్సి. ‘ఇల్లు వీడిన’ అన్నదానిపై నాకు వేరే అభ్యంతరం ఉంది. ఆమె లేచిపోయినది ఇంటినుండి కాదు, కల్నల్ దంపతుల వెంట వెళ్ళిన బ్రైటన్ నుండి. పదహారేళ్ళ పిల్ల పెద్దల అనుమతి లేకుండా పెళ్ళాడాలంటే 1753 నాటి వివాహ చట్టం వర్తించని స్కాట్లండుకు పోవాలి. అందుకే అందరూ అక్కడి సరిహద్దు ఊరు గ్రెట్నా గ్రీన్‌కు పోయారనుకొన్నారు. వారు లండన్‌లోనే ఆగిపోయారని తెలిసినప్పుడు గదా ఇంట్లోవారికి గుండె జారినది! అంటే వికామ్‌కు అసలు పెళ్ళి ఉద్దేశమే లేదు. అటువంటి కథలో ‘ఆదుకొనియె’ అన్న ఒక్క మాట చాలా భారం మోస్తున్నది, ఆ భారానికి తగిన చోటు దానికి పద్యంలో దొరకలేదు.

పూరణ 4 (శ్రీకాకుళం సభ్యుడు, ఎలిజబెత్ తల్లిదండ్రులైన బెన్నెట్ దంపతులపై)

రూపు జూచి మురిసి లోపము నరయక
కట్టుకొన్న వాడు గదిని దాగె
నట్టి వేడి కన్న నాదరమదె మేలు
వలపు లేని పెండ్లి వరము సతికి

సమీక్ష: ‘గదిని దాగె’ అన్న చోట పుస్తకాల గదిలో తలుపు వేసుకొని కూర్చొనే బెన్నెట్ ఒక్క గీతలో వచ్చేశాడు. ‘ఆదరమదె’లో ‘అదె’ పాదం నింపడానికే వచ్చింది. గది వెదుక్కొన్నది మగడు కాగా నాలుగవ పాదం సతి మేలును గురించి మాట్లాడుతున్నది కనుక పద్యం గురి తప్పింది.

పూరణ 5 (వరంగల్లు సభ్యురాలు, డార్సిని ఎలిజబెత్ తిరస్కరించిన సందర్భం)

ధనికు డడిగినంత తలయూచలే దామె
గౌరవమ్ము లేని కాన్క యనుచు
మనువునందు నెపుడు మన్ననయె – విషమ్ము
వలపు లేని పెండ్లి – వరము సతికి

సమీక్ష: ఈ వారం వచ్చినవాటిలో నన్ను ఎక్కువసేపు ఆపినది ఈ పద్యం. ‘మన్ననయె సతికి వరము, వలపు లేని పెండ్లి విషము’ అన్నది కవయిత్రి కోరిన అన్వయం. కాగితం మీద అడ్డగీతలు చూసి చదివితే అర్థమవుతుంది. కాని సమస్యాపూరణం చెవికి పుట్టిన ప్రక్రియ; అవధానసభలో పృచ్ఛకుడికి అడ్డగీతలు వినబడవు. కళ్ళు మూసుకొని మూడవ పాదాన్ని చదివించుకోండి: ‘మన్ననయె విషమ్ము’ అని, కవయిత్రి చెప్పదలచినదానికి నేరుగా ఎదురైన మాట వినిపిస్తుంది. దూరాన్వయం (కలిసి రావలసిన మాటలు దూరదూరంగా పడడం) ఒక్కొక్కసారి క్షమించదగినదే గాని, విపరీతార్థం వచ్చే చోట క్షమించలేము.

దీనికంటె పెద్ద అభ్యంతరం కథకు సంబంధించినది. హన్స్‌ఫర్డ్‌లో డార్సి మొదటిసారి అడిగినప్పుడు వలపుకు కొదవ లేదు. ఎంత అణచుకొన్నా అణగని ప్రేమ అని అతడే చెప్పుకొంటాడు. అదే నోటితో ఆమె కుటుంబం ఎంత తక్కువదో, ఈ సంబంధం తనకు ఎంత నామోషీయో కూడా వివరిస్తాడు. ఆమె కాదన్న కారణాలలో అక్క జేన్ పెళ్ళి చెడగొట్టడం, డార్సి తనకు అన్యాయం చేశాడని వికామ్ చెప్పిన కథ ఉన్నాయి గాని, అడిగిన తీరులోని ఆ చిన్నచూపు వాటి వెనుక కారం రాచినట్లు పనిచేసింది. అక్కడ లోటు వలపుది కాదు. మన పద్యాలన్నీ వలపు ఒకవైపు, పెళ్ళి ఒకవైపు పెట్టి తూచుతున్నాయి. నవల మాత్రం మన్నన లేని వలపును కూడా షార్లెట్ పెళ్ళి పక్కనే నిలబెట్టి చూపుతున్నది, అది కూడా షార్లెట్ కాపురమున్న ఇంట్లోనే. ఆ దృష్టితో రెండు పాదాలను ఇలా మార్చి చూశాను:

ధనికు డడిగినంత తలయూచలే దామె
వంశ మల్ప మన్న వాని కపుడు
మాట కరకు కాగ మన్నన కఱవైన
వలపు లేని పెండ్లి వరము సతికి

ఇప్పుడు ‘మన్నన కఱవైన వలపు’ అన్నది ఒక్క పదబంధమై, అది లేని పెండ్లి సతికి వరమన్న అర్థం ఏ గీతా అవసరం లేకుండా వస్తుంది.

వరంగల్లు సభ్యురాలు: ధన్యవాదాలు గురువుగారూ. సవరణ నా పద్యంకంటె నవలకు దగ్గరగా ఉంది. కాకపోతే ‘గౌరవమ్ము లేని కాన్క’ పోయినందుకు నాకు బాధగానే ఉంది. ఏటా పది వేల పౌండ్ల రాబడి ఉన్నవాడు పెళ్ళిని కానుకగా పారవేయబోయాడన్న భావం ‘వంశ మల్ప మన్న’లో రాదు.

నిర్వాహకుడు: నిజమేనమ్మా. ఆ పాదం మంచిది; మన్ననను మూడవ పాదంలో మళ్ళీ చెబుతున్నాము గనుక పునరుక్తి అవుతుందని తీశాను. ‘కాన్క’ను నిలుపుకొని పునరుక్తి లేకుండా మీరే మరొక ప్రయత్నం చేసి పంపండి.

శ్రీకాకుళం సభ్యుడు: ఈ చర్చ చదివాక నా నాలుగవ పూరణలోని ‘ఆదరము’ కూడా ఒంటికాలి మీద నిలబడిందని తోస్తున్నది. డార్సి విషయం చెప్పినప్పుడు బెన్నెట్ తన కూతురితో, భర్తను గౌరవించలేకపోతే నీవు సుఖపడలేవని హెచ్చరిస్తాడు. కాపురంలో తాను పోగొట్టుకొన్నదేమిటో తెలిసినవాడు గనుకనే ఆ మాట అనగలిగాడు.

పూరణ 6 (విజయనగరం సభ్యురాలు, రచయిత్రి జీవితంపై)

రాత్రి యొప్పుకొనియె, రానన్న దుదయాన
జేను, దాని విలువ చెప్పదరమె
యెవరి నోట నైన నీ మాట నిలుచునే
“వలపు లేని పెండ్లి వరము సతికి”

సమీక్ష: ఉదంతం నిజమైనది. 1802 డిసెంబరు 2న మానీడౌన్ ఎస్టేటు వారసుడు హ్యారిస్ బిగ్-విదర్ అడగగా జేన్ ఒప్పుకొని, మరునాటి ఉదయమే మాట వెనక్కు తీసుకొన్నది. ‘రాత్రి – రానన్న’ యతిలో ఆ రెండు పూటల నడుమ ఉన్న ఎడం వినిపించడం నాకెంతో నచ్చింది. సమస్యను ప్రశ్నలో పెట్టి ఖండించడం కూడా చెల్లుతుంది.

అనకాపల్లి సభ్యురాలు: పద్యానికి నమస్కరిస్తూనే ఒక మాట అడుగుతాను. ‘ఎవరి నోటనైన ఈ మాట నిలుచునే’ అని అడిగారు. షార్లెట్ నోట నిలిచింది కదా! నిలిపినది ఆ జేనే. 1802లో ఆమెకు ఇరవై ఏడు నిండడానికి రెండు వారాలే తక్కువ. 1814లో అన్న కూతురు ఫానీకి వ్రాసిన ఉత్తరంలో, ప్రేమ లేని పెళ్ళికంటె ఏదైనా భరించవచ్చునని చెప్పినది కూడా ఆమెయే. అయినా షార్లెట్‌ను శిక్షించలేదు, ఏడిపించలేదు. ఇల్లు, కోళ్ళు, తోట ఇచ్చి ఆమె మానాన ఆమెను వదిలివేసింది.

విజయనగరం సభ్యురాలు: అక్కా, మీ మాట కాదనలేను. మూడవ పాదాన్ని మార్చి మళ్ళీ పంపుతాను.

నిర్వాహకుడు: సవరించిన రెండవ, అయిదవ పూరణలను ఈ పక్షపు సంకలనంలోకి తీసుకొంటున్నాను, ఆరవ దానికి చోటు ఉంచాను. వచ్చే పక్షానికి ఇదే నవల మీద తేటగీతిలో సమస్య:

తిట్టి పొమ్మన్న వానినే తెచ్చుకొనియె