ఆల్ఫా 0.8 దాటింది, ఇక స్కేలు వ్యాలిడేట్ అయినట్టేనా (కొలవాల్సిందే కొలుస్తోందని తేలినట్టేనా)?

పీజీ_సైకాలజీ: థీసిస్ కోసం కుటుంబం పనితీరుని కొలిచే ప్రశ్నావళి మెక్‌మాస్టర్ ఫ్యామిలీ అసెస్‌మెంట్ డివైస్‌లో జనరల్ ఫంక్షనింగ్ (మొత్తం మీద పనితీరు) భాగం తీసుకుని తెలుగులో సర్వే చేశాను. 12 ప్రశ్నలు, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.8 పైనే వచ్చింది. గైడ్ గారేమో ఇది చాలదంటున్నారు. 1983 నుంచీ వాడుతున్న స్కేలే కదా, ఇంకేం కావాలి?

సర్వే_మేస్త్రి: పీజీ థీసిస్‌కి చాలు. మీరేమీ కొత్త స్కేలు కనిపెట్టడం లేదు, ఈ స్కేలు తయారుచేసిన ఎప్‌స్టైన్ వాళ్లు చేసిన పనంతా మళ్లీ చేయమంటే డిగ్రీ ఎప్పుడొస్తుంది?

గోదారి_గట్టు: మేస్త్రి గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోను. ఆల్ఫా చెప్పేది ఆ 12 జవాబులూ ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని, అంతే. ఒకే ప్రశ్నని మాటలు మార్చి పన్నెండుసార్లు అడిగినా ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది. కొలిచింది కుటుంబం పనితీరేనా, లేక "మా ఇంట్లో అంతా బాగానే ఉంది" అని చెప్పుకునే అలవాటా, అది తేలాలి కదా. కౌన్సెలింగ్‌కి వస్తున్న కుటుంబాల స్కోరుకీ మామూలు ఇళ్ల స్కోరుకీ తేడా ఉందా? రెండు వారాల తర్వాత అడిగితే దాదాపు అదే వస్తుందా? పక్కన ఫ్యామిలీ అప్‌గార్ అనే ఇంకో కుటుంబ స్కేలు పెట్టి పోల్చి చూడొచ్చు, ఐదే ప్రశ్నలు.

ఫీల్డ్_అక్క: అసలు ఎవరు జవాబిచ్చారు, ఎవరి ముందు? అత్తగారు పక్కన కూర్చుని వింటుంటే కోడలు "మా ఇంట్లో ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకోం" అన్న వాక్యానికి అవునని చెబుతుందా, మీకే తెలుసు. ఈ స్కేలు 12 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ఎవరికి వారు నింపేలా చేసింది. ఇంటికొకరిని అడిగి కుటుంబం స్కోరు అని రాస్తే నేను నమ్మను.

సర్వే_మేస్త్రి: ఇంట్లో నలుగురివీ నాలుగు రకాలుగా వస్తే? ఏది కుటుంబం స్కోరు?

ఫీల్డ్_అక్క: సగటు తీసి చేతులు దులుపుకోకండి, ఆ తేడానే రాయండి. ఒక్కోసారి సగటు కంటే అదే ఎక్కువ చెబుతుంది.

పీజీ_సైకాలజీ: నేను ఇంటికొకరినే అడిగాను, ఎక్కువమంది ఆడవాళ్లే. 2.00 కటాఫ్ పెట్టి, స్కోరు అంతా ఆపైనా వచ్చినవి "అనారోగ్యకర కుటుంబాలు" ఇంత శాతం అని కూడా రాసేశాను.

గోదారి_గట్టు: ఆ శాతం ముందు తీసేయండి. ఆ కటాఫ్ అమెరికాలో క్లినిషియన్ల (కుటుంబాలని స్వయంగా పరీక్షించే నిపుణుల) అంచనాతో పోల్చి పెట్టింది. ఇక్కడ అలా ఎవరూ పోల్చకుండా ఒక ఇంటికి ఆ ముద్ర వేయడం నాకైతే తప్పే. సగటు స్కోరు ఇవ్వండి, "ఒక్కరి దృష్టిలో" అని స్పష్టంగా రాయండి. ఇంకోటి, ఆ 12లో ఆరు మంచిగా, ఆరు చెడ్డగా అడిగేవి. రెండు రకాలకీ వరసగా "అవును" కొట్టారంటే ప్రశ్న పట్టించుకోనట్టే, అలాంటివాళ్లు ఎంతమందో ఈ రాత్రే చూడండి.