పాత వాల్వ్ యాంప్ ఇంట్లో విప్పొచ్చా, మెకానిక్‌కే ఇవ్వాలా?

బ్రాడీపేట_స్ట్రింగ్స్: మావయ్య అమెరికా నుంచి తెచ్చిన 1960ల నాటి ఫెండర్ ట్విన్ రివర్బ్, వాల్వులతో (గాజు ట్యూబులతో) నడిచే గిటార్ యాంప్. గుంటూరులో స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) మీద నడుపుతున్నా. ఈమధ్య వాల్యూమ్ సున్నాలో పెట్టినా గుయ్‌మంటోంది. సోల్డరింగ్ వచ్చు. విప్పనా?

వన్‌టౌన్_వాల్వ్: విప్పు తమ్ముడూ. వాల్యూమ్‌తో సంబంధం లేని హమ్ (ఆ గుయ్ శబ్దం) అంటే డీసీని నున్నగా చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. చాసిస్ (లోపలి లోహపు పెట్టె) మీద రేకు మూత కింద ఉంటాయి. మార్చాక సిరీస్ బల్బు (యాంప్‌కి వెళ్లే కరెంటు దారిలో ఒక ఫిలమెంటు బల్బు) పెట్టి ఆన్ చెయ్యి, చాలు.

పాతరేడియో: చాలదు. లోపల షార్ట్ ఉంటే సిరీస్ బల్బు యాంప్‌ని కాపాడుతుంది, మనిషిని కాదు. అందులో 400 వోల్టుల పైన డీసీ, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. తెలిసిన మెకానిక్‌కి ఇవ్వు.

కృష్ణలంక_77: ఫిలమెంటు బల్బులు ఇప్పుడెక్కడ దొరుకుతున్నాయి? ఎల్‌ఈడీ పెడితే?

వన్‌టౌన్_వాల్వ్: పనికిరాదు. ఫిలమెంటు వేడెక్కి కరెంటుని ఆపాలి, అదే దాని పని.

పాతరేడియో: మళ్లీ బల్బేనా! తమ్ముడూ, వైరు రెండు పిన్నులదా? అయితే మెయిన్స్ (గోడ కరెంటు) నుంచి చాసిస్‌కి ఒక కెపాసిటర్ ఉంటుంది. అది షార్టయితే గిటార్ తీగలకే కరెంటొస్తుంది. దాన్ని తీయించి మూడు పిన్నుల వైరు, సరైన ఎర్త్ వేయించు. స్టెప్‌డౌన్ ఆటో ట్రాన్స్‌ఫార్మర్ రకమైతే మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ కూడా అందులో ఉండదు.

వన్‌టౌన్_వాల్వ్: మెకానిక్, మెకానిక్ అంటారేంటండీ. నేనూ ఒక షాపులో ఇచ్చా. హమ్ పోయింది, దాంతోపాటు ఒరిజినల్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ పోయింది. అడిగితే కాలిపోయింది సార్, పారేశాం అన్నాడు. కెపాసిటర్లు మార్చమంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎలా కాలింది? దొంగలు, అంతా ఒకటే.

పాతరేడియో: మాట జాగ్రత్త. మా నాన్న రేడియోలు బాగుచేసే మమ్మల్ని చదివించాడు. పూటంతా వెతికి ఫాల్ట్ పట్టుకుంటే, మార్చింది ఇరవై రూపాయల పార్టేగా అని లేబర్ దగ్గర గీసిగీసి బేరమాడేవాళ్లు. మీరు ఇంట్లో విప్పేది సరదాకి కాదు, డబ్బులివ్వడం ఇష్టంలేక.

వన్‌టౌన్_వాల్వ్: లేబర్ ఎంతైనా ఇస్తా. నా కళ్లముందు విప్పి, తీసిన పార్టులు కవర్లో వేసి చేతికివ్వమనండి. కూర్చోనివ్వరు! సాయంత్రం రండి అంటారు. నా బాధ అది.

పాతరేడియో: నాన్న అయితే కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు.

బ్రాడీపేట_స్ట్రింగ్స్: అన్నా, ఇంతకీ కెపాసిటర్లలో నిలిచిన కరెంటు డిశ్చార్జ్ ఎలా చేయాలి?

పాతరేడియో: 100 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేటెడ్ క్లిప్పులు పెట్టుకో. ప్లగ్ పీకి, ఒక్క చేత్తో కెపాసిటర్ కొసలకి తగిలించి, నిమిషంపైగా ఆగు. ప్రతి కెపాసిటర్ మీదా మీటరు సున్నా చూపించాకే ముట్టుకో. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం వద్దు.

వన్‌టౌన్_వాల్వ్: ఇప్పుడేగా మెకానిక్‌కి ఇవ్వమన్నారు?

పాతరేడియో: తమ్ముడు నా మాట వినకుండా ఎలాగూ విప్పుతాడు.

బ్రాడీపేట_స్ట్రింగ్స్: ఇప్పుడే చూశా, రెండు పిన్నులే. నిన్న రాత్రి దాకా దాంతోనే వాయించా.

పాతరేడియో: ముందు ప్లగ్ పీకు.