అప్‌డేట్: అక్కి తగ్గాక కూడా అమ్మకి పోని మంట

అమ్మకి కుడి పక్కటెముకల మీద అక్కి పొక్కులు మాడిపోయినా మంట పోలేదని, కొంగు తగిలినా ఓర్చుకోలేకపోతోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ దండాలు. మీరు చెప్పినట్టే న్యూరాలజిస్ట్‌కి చూపించాం.

ఎప్పుడో వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల మొదళ్లలో దాక్కుని, వయసు మీద పడ్డాక ఇలా పైకొస్తుందట. కొందరిలో పొక్కులు మానినా నరం దెబ్బతినే ఉంటుంది, అందుకే పైకి ఏమీ కనిపించకపోయినా నొప్పి నిజమే. ఈ మాట డాక్టర్ గారు అమ్మ ఎదుటే చెప్పారు. "ఊరికే అంటోంది" అన్న చుట్టాల మాటలకి అమ్మ ఎంత కుమిలిపోయిందో నాకు తెలుసు. ఆ రోజు ఆమె మొహం తేటపడింది.

రాత్రిపూట నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్ అనే మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మొదట్లో బాగా కళ్లు తిరిగేవి, రాత్రి బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్లనివ్వలేదు. పెద్దవాళ్లకి ఈ మందు ఇస్తుంటే అది తప్పక చూసుకోండి. సొంతంగా మాత్రం ఆపేయొద్దు. పగలు నొప్పి ఉన్నచోట అతికించే, చర్మాన్ని మొద్దుబార్చే లిడోకెయిన్ ప్యాచ్, ఒంటికి మెత్తబడిన పాత నూలు జాకెట్లు. మంట పూర్తిగా పోలేదు గానీ నిద్ర పడుతోంది, ముగ్గు మళ్లీ తనే వేస్తోంది.

అక్కి తగ్గడానికి జాజుతో సింహం బొమ్మ రాయించమన్నవారి ప్రేమ అర్థమైంది. కానీ పొక్కులు కనపడ్డ 72 గంటల్లోపు వైరస్‌ని అణిచే యాంటీవైరల్ మాత్రలు మొదలుపెట్టడం ముఖ్యం, కాబట్టి ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లండి. 50 దాటినవాళ్లకి అక్కి రాకుండా వేసే షింగ్రిక్స్ టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది, రెండు డోసులు. నాన్నకి మొదటిది వేయించాం. అమ్మకి ఎప్పుడు వేయించాలో ఈసారి వెళ్లినప్పుడు అడుగుతాను.